కలివి కోడికి హద్దులు ఒక్కసారి గీస్తే చాలదు

1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన కలివి కోడి అనే అరుదైన చిన్న పిట్టను చూసినట్టు నమోదు చేశారు. ఆ తర్వాత 86 ఏళ్లపాటు దాన్ని చూశామని చెప్పినవాళ్లు లేరు. 1970ల్లో వెతుక్కుంటూ వచ్చిన బృందాలు కూడా ఉత్త చేతులతో వెనక్కి వెళ్లాయి. ఇక ఈ పిట్ట లేనట్టేనని చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. ఆ పిట్ట బతకలేదు. అయినా జాతి బతికే ఉందని తేలిపోయింది.

ఆ 86 ఏళ్లూ అది కనబడకపోవడానికి ఒక పెద్ద కారణం తేలికైనదే. పక్షుల్ని వెతికేవాళ్లు పగటిపూట వెతికారు, ఇది రాత్రి తిరిగే పిట్ట. పగలు పొదల నీడలో కదలకుండా ఉంటుంది, చీకటి పడ్డాక బయటికొచ్చి చెదలు, చీమల్లాంటి పురుగుల్ని ఏరుకుని తింటుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ చేసిన కొత్త పనల్లా స్థానిక వేటగాళ్లకు పిట్ట బొమ్మ చూపించి, వాళ్లకు తెలిసింది అడిగి తెలుసుకోవడం. వెతికే పద్ధతి మారాక పిట్ట దొరికింది. అంతరించిపోతున్న జీవుల విషయంలో ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయాలకు, ఆ రోజుకు మన చేతిలో ఉన్న వెతుకులాట పద్ధతికి ఎంత దగ్గర సంబంధం ఉందో చెప్పడానికి కలివి కోడిని మించిన ఉదాహరణ తెలుగునేల మీద లేదు.

పిట్ట దొరికిన వెంటనే నిర్ణయాలు చకచకా జరిగాయి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యాన్ని ప్రకటించారు. విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది తపాలా శాఖ కలివి కోడి బొమ్మతో స్టాంపు కూడా వేసింది. తెలుగుగంగ కాలువ దారిని అభయారణ్యం తప్పించి పోయేలా మార్చారు. ఒక్క చిన్న పిట్ట కోసం, అదీ 27 సెంటీమీటర్ల పిట్ట కోసం, ఒక భారీ నీటి ప్రాజెక్టు పక్కకు జరగడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఆ నిర్ణయం తీసుకున్న అధికారులకూ దాని కోసం పట్టుబట్టిన శాస్త్రవేత్తలకూ దక్కాల్సిన గౌరవం దక్కాలి.

అయితే ఆ హద్దులు గీసేనాటికి ఈ పిట్ట గురించి తెలిసింది చాలా తక్కువ. ఎక్కడ గుడ్లు పెడుతుందో తెలియదు. ఎలా అరుస్తుందో తెలియదు. ఎంత మేర తిరుగుతుందో తెలియదు. తెలిసిందల్లా ఫలానా చోట దొరికిందని. దాంతో ఆ చుట్టుపక్కల కొండల్ని కలుపుకుని అభయారణ్యం చేశారు. ఈ అభయారణ్యం ఉన్న లంకమలలో ఎక్కువ భాగం కొండలు, వాలులు, దట్టమైన అడవి. కలివి కోడి ఉండేది కొండ మీద కాదు. కొండ దిగాక వచ్చే చదును నేలలో, కలివి, రేగు, తుమ్మ పొదలు చెదురుమదురుగా ఉన్న చిట్టడవిలో. అంటే ఎక్కడైతే అభయారణ్యం అయిపోయి ఊళ్ల పొలాలు, మేత బీళ్లు మొదలవుతాయో సరిగ్గా ఆ అంచున. రక్షణకు నడిమధ్య కొండలు మిగిలాయి, పిట్ట మాత్రం అంచున నిలబడింది. ఈ సంగతి బయటపడడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది.

బయటపడిన తీరు చెప్పుకోదగింది. కంటికి కనబడని పిట్టను లెక్కపెట్టడం ఎలా? 2000 తర్వాత పరిశోధకుడు పి. జెగనాథన్, బ్రిటన్‌కు చెందిన పక్షి శాస్త్రవేత్తలు కలిసి ఒక ఉపాయం పన్నారు. పొదల మధ్య సన్నటి పట్టీల్లాగా నేలను చదును చేసి, మెత్తటి మట్టి పరిచి, మర్నాడు పొద్దున్నే వచ్చి దాని మీద పడ్డ అడుగుల్ని చూడడం. కలివి కోడి కాలికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. అడుగు పొడవు, వేళ్ల మధ్య ఎడం కొలిచి, అక్కడే పెట్టిన ఆటోమేటిక్ కెమెరాల్లో పడ్డ ఫొటోలతో సరిపోల్చుకుని, ఏ అడుగు ఏ పిట్టదో తేల్చారు. ఉపగ్రహాలు, కంప్యూటర్లు ఉన్న కాలంలో ఇంత ముఖ్యమైన సమాచారం ఒక గంపెడు మట్టి, ఒక స్కేలు వల్ల వచ్చింది. ఊళ్లో పశువుల కాపరి తప్పిపోయిన గేదె కోసం గిట్టల జాడ పట్టుకుని పోయే పద్ధతే ఇదీను. కాకపోతే ఇక్కడ ప్రతి పట్టీకి పొదల లెక్క, ఎత్తు, పశువుల రాకపోకలు, కట్టె నరికిన గుర్తులు అన్నీ పక్కన రాసుకున్నారు.

ఆ రాతలన్నీ కలిపి చూస్తే 2004లో ఒక స్పష్టమైన ఫలితం వచ్చింది. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్నచోట కలివి కోడి అడుగులు పడే అవకాశం ఎక్కువ. పొదలు అంతకన్నా తక్కువైతే దాక్కోవడానికి చోటు లేదు. ఎక్కువైతే నేల మీద పరుగెత్తి మేత ఏరుకోవడానికి జాగా లేదు. పైగా పొదలు ఎంత ఎడంగా ఉంటాయనేది ఆ చోట మేకలు, పశువులు ఎంత మేస్తున్నాయి, జనం కట్టెలు ఎంత కొడుతున్నారు అన్నదానితో గట్టిగా ముడిపడి ఉంది.

ఈ ఒక్క ఫలితం అటవీశాఖ అలవాట్లను అడ్డంగా ప్రశ్నించింది. మన దగ్గర అడవిని కాపాడడమంటే మనిషినీ పశువునూ బయటికి పంపి, చుట్టూ కందకం తవ్వి, ఖాళీ కనబడ్డ చోటల్లా మొక్కలు నాటడం. చాలా జీవులకు ఆ పద్ధతి మేలు చేసింది, సందేహం లేదు. కలివి కోడి దగ్గర మాత్రం అదే పద్ధతి ఎదురుతిరగవచ్చు. మేతను పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుపోయి కొన్నేళ్లకు పిట్టకు పనికిరాకుండా పోతాయి. విచ్చలవిడిగా వదిలేస్తే నేల బోడి అవుతుంది. జేసీబీ పెట్టి ఒక్కపూటలో పొదలన్నీ పెకలించి చీనీ తోటో నిమ్మ తోటో పెడితే ఇక చెప్పేదేముంది. కాబట్టి తీసుకోవాల్సిన నిర్ణయం 'మేత ఉండాలా వద్దా' అన్న రూపంలో ఉండదు. ఏ తావులో, ఎన్ని మేకలు, ఏ నెలల్లో అన్న రూపంలో ఉంటుంది. మేకల కాపరి ఈ పిట్టకు శత్రువని ముందే తేల్చేసుకున్న కార్యాలయంలో ఇలాంటి నిర్ణయం పుట్టదు. కాపరితో మాట్లాడకుండా దాన్ని అమలు చేయడం అంతకన్నా కుదరదు.

అడుగుజాడల తర్వాత అరుపు. పొద్దుగూకిన ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూగా కలివి కోడి అరవడం మొదలుపెడుతుంది. కొన్ని నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు. అంతే, ఆ తర్వాత మళ్లీ నిశ్శబ్దం. ఈ అరుపు ఇదేనని తేల్చుకున్నాక పని వేగం మారిపోయింది. రికార్డు చేసిన అరుపును చీకట్లో వినిపించి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించడం మట్టి పట్టీలు పరచడం కన్నా సులువు. సాయంత్రానికి ఒక చోటు చూసుకోవచ్చు. అలా వెతగ్గా అంతకుముందు తెలియని తావులు కొన్ని బయటపడ్డాయి.

సరిగ్గా ఆ సమయంలోనే, 2005 చివర్లో, తెలుగుగంగ కాలువ పనుల యంత్రాలు కలివి కోడి తిరిగే పొదల్లోకి వచ్చాయి. అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు గమనించి అటవీశాఖకు చెప్పడంతో పని ఆగింది. వ్యవహారం సుప్రీంకోర్టు వేసిన సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారిని మళ్లీ మార్చారు, అభయారణ్యానికి ఆనుకుని ఉన్న కొంత భూమిని ప్రభుత్వం సేకరించింది. ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. అడుగుజాడల అధ్యయనం ఐదారేళ్లు ఆలస్యంగా జరిగి ఉంటే, ఆ పొదల్లో పిట్ట ఉందని చెప్పే ఆధారమే కాగితం మీద ఉండేది కాదు. కాలువ పూర్తయ్యేది. ఎవరూ తప్పు చేసినట్టు కూడా ఉండేది కాదు. ఆధారం ఎప్పుడు చేతికి వచ్చిందన్నదే ఆ చోటు గతిని నిర్ణయించింది.

ఇలాంటి ఆధారం ముందే లేని చోట్ల ఏం జరుగుతుందో ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. 1991, 2000 సంవత్సరాల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు, ఆ ప్రాంతపు చిట్టడవిలో పదో వంతుకు పైగా ఆ తొమ్మిదేళ్లలోనే పోయిందని లెక్కగట్టారు. పోయినదాంట్లో ఎక్కువ సాగులోకి వచ్చింది. నిజానికి దీన్ని రైతు తప్పుగా చూడడం అన్యాయం. నీళ్లొస్తే సాగు పెరుగుతుంది. అసలు చిక్కు ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ సాయంతో కేంద్రం తయారుచేసే బంజరు భూముల పటంలో పొదల నేల ఒక తరగతి. అంటే ఒక శాఖ ఉపగ్రహ చిత్రంలో అదే నేల అరుదైన పిట్టకు ఆవాసం, ఇంకో శాఖ చిత్రంలో ఎవరికీ పట్టని బంజరు. సోలార్ ప్లాంటుకో పరిశ్రమకో భూమి వెతికే కలెక్టరేట్ ముందుకు రెండో చిత్రమే వస్తుంది. జీవశాస్త్రం ఎంత ముందుకు వెళ్లినా ఈ పేరు మారనంతవరకు దాని ఫలితం నిర్ణయాల దాకా చేరదు.

2008, 2009 ప్రాంతం తర్వాత కలివి కోడి మళ్లీ మౌనంలోకి వెళ్లింది. వెతికిన చోట బదులు రాలేదు. ఎర్రచందనం స్మగ్లింగ్ పెరిగి, రాత్రిపూట ఆ అడవుల్లో తిరగడం పరిశోధకులకు కష్టమైపోయింది. పిట్ట లేదా, లేక వినేవాళ్లు లేరా?

ఈ ప్రశ్నకు గణాంకశాస్త్రం ఇచ్చే జవాబు నిర్ణయాలు తీసుకునేవాళ్లందరికీ తెలిసి ఉండాలి. లెక్క కోసం ఒక అంకె ఊహించుకుందాం. పిట్ట నిజంగా ఉన్న చోట, ఒక రాత్రి వెళితే దాని అరుపు వినబడే అవకాశం 20 శాతం అనుకుందాం. వరసగా ఐదు రాత్రులు వెళ్లి ఏమీ వినకపోతే? పిట్ట అక్కడే ఉండి కూడా ఐదు రాత్రులూ వినబడకుండా పోయే అవకాశం దాదాపు 33 శాతం. పది రాత్రులు వెళ్లినా 11 శాతం దాకా మిగిలే ఉంటుంది. ఐదు రోజుల సర్వే చేసి 'ఈ ప్రాంతంలో కలివి కోడి లేదు' అని పర్యావరణ ప్రభావ నివేదికలో ఒక్క వాక్యం రాస్తే, ఆ వాక్యం వెనక ఇంత అనిశ్చితి దాగి ఉంటుంది. చాలా నివేదికల్లో ఎన్ని రాత్రులు, ఏ వేళ, ఏ పద్ధతిలో విన్నారన్నది కనబడదు. 'కనబడలేదు' అన్నది 'లేదు'గా మారిపోయి, ఫైలు ముందుకు కదిలిపోతుంది. పిట్ట లేదని పొరపాటుగా తేల్చి కాలువ తవ్వితే వెనక్కి తీసుకోలేం. ఉందేమోనని ఇంకో రెండు సీజన్లు వింటే పోయేది కొంత సమయం, కొంత డబ్బు. ఈ రెండు పొరపాట్ల బరువు ఒకటి కాదు. నియమాలు రాసేవాళ్లు రెంటినీ ఒకే తక్కెడలో తూచడమే అసలు లోపం.

ఈలోగా ఆధారం ఊహించని చోటు నుంచి వచ్చింది. స్కాట్లండ్‌లోని అబర్దీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్న ఒక గుడ్డు మీద 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినట్టు గుర్తు ఉంది. దాని పెంకు లోపలి నుంచి తీసిన డీఎన్ఏను మ్యూజియంలో దాచిన పాత కలివి కోడి నమూనాతో పోల్చి చూశారు. సరిపోయింది. 2013లో ఈ సంగతి వెల్లడైంది. ప్రపంచంలో కలివి కోడి గుడ్డుగా ఇలా రుజువైంది అదొక్కటే. ఒక గుడ్డుతో ఏమవుతుందనిపించవచ్చు. కానీ కోలారు కడపకు దూరమే. పంతొమ్మిదో శతాబ్దపు పక్షి పరిశీలకుల్లో జెర్డాన్ పెన్నా పరీవాహకంలో, బ్లాన్‌ఫర్డ్ గోదావరి వెంబడి సిరోంచ, భద్రాచలం వైపు ఈ పిట్టను చూసినట్టు రాసిన పాత మాటలకు ఈ గుడ్డు తోడైంది. ఒకప్పుడు తెలంగాణ కొస నుంచి కర్ణాటక కొస దాకా పరుచుకున్న పిట్టను మనం ఇప్పుడు ఒక్క లంకమల పిట్టగా చూస్తున్నాం. వెతకాల్సిన పటం పెద్దదయింది. వెతికే డబ్బు, మనుషులు మాత్రం ఆ మేరకు పెరగలేదు.

కలివి కోడిది ఒంటరి కథ కాదు. దాదాపు అదే కాలంలో, 1988లోనే, ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడును బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అభయారణ్యం చేశారు. అంత పెద్ద పక్షికి ఇచ్చిన నేల సుమారు 600 హెక్టార్లు. బట్టమేక ఒక గడ్డి మైదానంలో గుడ్డు పెట్టి, చుట్టూ ఉన్న వానాధారపు జొన్న చేలల్లో, బీళ్లలో మైళ్ల కొద్దీ తిరిగే పక్షి. కంచె లోపల గడ్డిని కాపాడారు, కంచె బయట సాగునీరు వచ్చి పంటలు మారిపోయాయి. జింకలు పెరిగి చేల మీద పడడంతో ఊళ్లకూ అభయారణ్యానికీ మధ్య పొరపొచ్చాలు పెరిగాయి. ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక దాదాపు లేనట్టే. అప్పటి నిర్ణయం అప్పటి తెలివిడి ప్రకారం సరైనదే. తెలివిడి పెరిగాక, ఈ పక్షికి కంచె కన్నా చుట్టూ ఉన్న పొలాల తీరు ముఖ్యమని తెలిశాక, ఆ నిర్ణయాన్ని తిరిగి తెరవకపోవడమే పొరపాటు.

అదే బట్టమేక విషయంలో తిరిగి తెరవడమంటే ఎలా ఉంటుందో రాజస్థాన్, గుజరాత్‌ల వ్యవహారం చూపింది. ఈ పక్షికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్నది చప్పున కనబడదు. బరువైన పక్షి కావడంతో చివరి క్షణంలో పక్కకు తప్పుకోలేదు. కరెంటు తీగలకు గుద్దుకుని చనిపోతున్నాయని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా లెక్కలు చెప్పాక, 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్ల మేర ఓవర్‌హెడ్ తీగల మీద కఠినమైన ఆంక్షలు పెట్టింది. సాధ్యమైన చోటల్లా తీగల్ని భూమిలో వేయమంది. సౌర, పవన విద్యుత్తుకు అదే ప్రాంతం కీలకమని, అంత విస్తీర్ణంలో భూగర్భ తీగలు కుదరవని కేంద్రం వాదించింది. 2024 మార్చిలో కోర్టు తన ఉత్తర్వును సవరించి, నిపుణుల కమిటీ వేసి, ఏ చోట ఏం చేయాలో తేల్చమంది. కొందరు దీన్ని వెనకడుగుగా చూశారు. ఆ భయంలో నిజం ఉంది. మిగిలింది 150 పక్షులే అయినప్పుడు ప్రతి ఏడాది ఆలస్యమూ ఖరీదైనదే. అయినా నిర్ణయాన్ని ఆధారాలతో కలిపి మళ్లీ పరీక్షకు పెట్టే ఒక దారి అక్కడ ఏర్పడింది. లంకమలకు అలాంటి దారి ఈరోజుకూ లేదు.

'శాస్త్రం మాటమాటకీ మారుతుంటే దేన్ని నమ్మి నిర్ణయం తీసుకోవాలి?' అని కాలువల ఇంజినీర్లు, రెవెన్యూ అధికారులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. కలివి కోడి విషయంలో శాస్త్రం మారిన తీరు చూస్తే జవాబు దొరుకుతుంది. 1986లో తెలిసింది 2004లో అబద్ధం కాలేదు. ఈ పిట్ట పొదల్లో ఉంటుందన్న మాట, ఏ రకం పొదలు, ఎంత ఎడం అన్నంతవరకు నిక్కచ్చి అయింది. పాతది కూలిపోలేదు, దాని మీద ఇంకొంత కట్టారు. అలాంటప్పుడు తొలి సమాచారంతోనే నిర్ణయం తీసుకోవడం తప్పు కాదు. ఆ నిర్ణయానికి గడువు పెట్టకపోవడం తప్పు. ఐదేళ్లకో పదేళ్లకో హద్దులు, మేత నియమాలు, సర్వే పద్ధతి మూడింటినీ కొత్త ఆధారంతో సరిచూడాలని అభయారణ్య ప్రణాళికలోనే రాసుకుంటే, ఇంజినీరుకూ ముందే తెలుస్తుంది, రైతుకూ తెలుస్తుంది.

2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో కలివి కోడి అరుపును రికార్డు చేసింది. పదిహేనేళ్లకు పైగా సాగిన మౌనం వీడింది. ఇప్పుడు ఫోన్‌లోనే అరుపు వినిపించి వెతకొచ్చు. పొదల్లో వదిలేసి వస్తే వారాల తరబడి రాత్రుళ్లు రికార్డు చేసే పరికరాలున్నాయి. వేల గంటల శబ్దంలోంచి ఒక్క అరుపును ఏరిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. దొంగలు తిరిగే అడవిలో మనిషి చీకట్లో కూర్చోవాల్సిన పని చాలావరకు తగ్గింది.

ఈ సౌకర్యం ఉండగా చేయాల్సిన పనులు పెద్ద రహస్యమేమీ కాదు. అరుపు వినబడిన కచ్చితమైన చోటు బయటికి పొక్కనివ్వకూడదు. ఫొటోల కోసం జనం ఎగబడి, రాత్రంతా అరుపులు వినిపించి పిట్టల్ని చెదరగొట్టే ప్రమాదం చాలా ఉంది. అదే సమయంలో ఆ సమాచారం కలెక్టరేట్‌కు, నీటిపారుదల శాఖకు, భూముల కేటాయింపు చూసేవాళ్లకు గోప్యంగానైనా చేరాలి. చేరకపోతే కాపాడడం కుదరదు. కడప, నెల్లూరు, అనంతపురం జిల్లాల పొదల నేలల్లో, అభయారణ్యం లోపలా బయటా, కనీసం రెండు మూడు సీజన్లు రికార్డర్లు పెట్టాలి. గోదావరి వెంబడి పాత తావుల్ని తెలంగాణ అటవీశాఖ కూడా ఒకసారి వినాలి. ఆ ఫలితం వచ్చేదాకా, పొదలు హెక్టారుకు ఆ 300, 700 లెక్కకు దగ్గరగా ఉన్న నేలల్ని బంజరు పేరుతో ఎవరికీ కేటాయించకుండా ఆపాలి. రాష్ట్ర వన్యప్రాణి బోర్డు సిఫారసు చేసి, రెవెన్యూ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే ఈ చివరి పనికి ఇప్పుడే దారి పడుతుంది.